మహారాజశ్రీ 61వ కార్డు గారికి

నీలం-తెలుపు కంట్రోల్ ఆడేవాళ్ళు నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మిగతా 60 కార్డులూ క్షేమం. తమరు కూడా అదే పెట్టెలో, అదే రంగు స్లీవ్‌లో (కార్డు తొడుగులో) క్షేమంగా ఉన్నారని తెలిసే ఈ ఉత్తరం రాయాల్సి వస్తోంది.

తమరి మీద కేసు పెట్టడానికి వీల్లేదు, ఆ సంగతి మాకు తెలుసు. మ్యాజిక్: ద గ్యాదరింగ్ అనే కార్డుల ఆటలో డెక్‌కి, అంటే ఆటగాడు తెచ్చుకునే కార్డుల కట్టకి (మాది ఎదుటివాడి ఎత్తుల్ని ఆపుతూ గెలిచే కంట్రోల్ రకం), కనీసం 60 కార్డులుండాలి అన్నారు గానీ ఇంతకు మించకూడదని ఎక్కడా అనలేదు. ఎవరి సాయం లేకుండా రెండు చేతులతో కలపగలిగితే చాలు. ఆ సందులోంచే తమరు లోపలికి దూరారు. రమ్మీ బల్ల దగ్గరైతే తమరి పప్పులు ఉడికేవి కావు. అక్కడ చేతిలో 13 ముక్కలుంటే, ఒకటి ఎత్తినవాడు ఒకటి కొట్టి తీరాలి. "రెండూ ముచ్చటగానే ఉన్నాయి, రెండూ ఉంచుకుంటా" అంటే పక్కవాళ్ళు నవ్వి పొమ్మంటారు. ఇక్కడ ఆ మాట అన్నవాడు డెక్ బిల్డర్‌నని చెప్పుకుంటాడు.

తమరి తరఫు వకీళ్ళు మూడు వాదనలు తెస్తారు. మొదటిది అందరికీ తెలిసిందే: "ఒక్క కార్డే కదా, ఏం కొంపలు మునుగుతాయి?" మునగవు, నిజమే. నాలుగు కాపీలున్న కార్డు మొదటి 7 కార్డుల్లో కనీసం ఒకటి వచ్చే అవకాశం 60 కార్డుల డెక్‌లో 39.95 శాతం, 61లో 39.40. అర శాతం చిల్లర. కానీ తమరు ఆ చిల్లర ఒక్కరి దగ్గరే వసూలు చేసి ఊరుకోరు. బల్ల మీది క్రీచర్లన్నిటినీ (పోరాడే జీవాల్ని) చంపే సుప్రీమ్ వెర్డిక్ట్ దగ్గర అంత, ఎదుటివాడు వేసే కార్డుని ఆపే నో మోర్ లైస్ దగ్గర అంత, సైడ్‌బోర్డ్ (ఆటల మధ్య మార్చుకోడానికి పక్కన ఉంచే కార్డులు) నుంచి లోపలికొచ్చిన ప్రతి కార్డు దగ్గరా అంత, అదీ ప్రతి ఆటలో. పది కార్డులు చూసేసరికి, అంటే ముందు ఆడుతూ నాలుగో టర్న్‌కి, వెర్డిక్ట్ చేతికొచ్చే అవకాశం 52.8 నుంచి 52.1కి దిగుతుంది. ఎదుటివాడు నాలుగు క్రీచర్లు పరిచి కూర్చున్నప్పుడు ఆ 0.7 ఎవరి జేబులోకి పోయిందో తమరికే తెలియాలి.

రెండో వాదన కాస్త చదువుకున్నవాళ్ళది, కాబట్టి దానికి మర్యాద ఇవ్వాలి. ఉదాహరణకి పయనీర్ ఫార్మాట్‌లో (ఏ సెట్ల కార్డులు వాడొచ్చో చెప్పే పోటీ పద్ధతిలో) ఒక మామూలు లిస్ట్ తీసుకుందాం. (2012లో వచ్చిన రిటర్న్ టు రావ్నికా నుంచి ఉన్న సెట్లతో 2019లో మొదలైన ఫార్మాట్ అది.) నో మోర్ లైస్ 4, డోవిన్స్ వీటో 3, అబ్సార్బ్ 3, మార్చ్ ఆఫ్ అదర్‌వర్ల్డ్‌లీ లైట్ 4, సుప్రీమ్ వెర్డిక్ట్ 4, టెంపరరీ లాక్‌డౌన్ 2, ద వాండరింగ్ ఎంపరర్ 4, టెఫెరీ హీరో ఆఫ్ డొమినేరియా 4, మెమరీ డెల్యూజ్ 3, షార్క్ టైఫూన్ 3. మొత్తం 34. ల్యాండ్లు (మిగతా కార్డులు వేయడానికి ఖర్చయ్యే మానా ఇచ్చేవి) 26 పెడితే 60కి సరిపోతుంది. అప్పుడు బయల్దేరుతుంది గొణుగుడు: "26 తక్కువ, 27 పెడదామంటే ఏదీ తీయబుద్ధి కాదు. 61 చేసేద్దాం."

లెక్క వేస్తే ఇందులో కొంత నిజముంది. నాలుగో టర్న్‌కి నాలుగు ల్యాండ్లు చూసే అవకాశం, మలిగన్లు (మొదటి చేయి నచ్చక మళ్ళీ తీసుకోవడాలు), అదనపు డ్రాలు పక్కనపెడితే, 60లో 26తో 71.6 శాతం, 61లో 27తో 73.8, 60లో 27తో 75.5. అంటే తమరు 27వ ల్యాండ్‌గా వస్తే రెండు శాతానికి పైగానే మేలు చేస్తారు. తమరి చోట ఇంకో కార్డు బయటికి పోతే ఆ మేలు దాదాపు నాలుగు శాతం. తేడా గమనించారా? డెక్‌ని బాగుచేసేది ఆ ల్యాండ్. తమరు దాని వెనక నిలబడి దండలు వేయించుకుంటున్నారు.

పైగా 27వ ల్యాండ్ అంటే ఉత్త ఐలండే కానక్కర్లేదు. ఇరిగేటెడ్ ఫామ్‌ల్యాండ్ అయితే రెండు మానాకి సైకిల్ అయి, అంటే తను చేతిలోంచి పోయి, కొత్త కార్డు తెస్తుంది. ఐగాంజో మూడు మానాకి దాడికొచ్చిన క్రీచర్‌ మీద నాలుగు డ్యామేజ్ వేస్తుంది. హాల్ ఆఫ్ స్టార్మ్ జయంట్స్ ఆరు మానాకి ఆ టర్న్ వరకు 7/7 క్రీచర్‌గా లేచి కూర్చుంటుంది. ఆ హాల్ ఉన్న డెక్‌లో మూడో షార్క్ టైఫూన్‌ని తీసేసినా ఏడ్చేవాళ్ళుండరు. జాగ్రత్త పడాల్సింది రెండు చోట్ల. ట్యాప్ అయి (ఆ టర్న్‌కి మానా ఇవ్వలేకుండా అడ్డంగా తిరిగి) వచ్చే ల్యాండ్లు ఎక్కువైతే రెండో టర్న్‌లో నో మోర్ లైస్ చేతిలో ఉండి కూడా దేశానికి పనికిరాదు. రెండోది రంగు. అబ్సార్బ్‌కి రెండు నీలాలూ ఒక తెలుపూ కావాలి, లాక్‌డౌన్‌కి మూడో టర్న్‌కే రెండు తెలుపులు, వెర్డిక్ట్‌కి రెండు తెలుపులూ ఒక నీలమూ. ఇలాంటి డెక్‌లోకి ఫీల్డ్ ఆఫ్ రూయిన్ లాంటి రంగులేని ల్యాండ్‌ని 27వదిగా తెస్తే, అది ల్యాండ్ లెక్కలో కనబడి మానా లెక్కలో మాయమవుతుంది.

మూడో వాదన వినడానికి భలే ఉంటుంది: "కంట్రోల్‌కి కంట్రోల్ ఎదురైతే ముందు లైబ్రరీ (ఇంకా తీయని కార్డుల కట్ట) ఖాళీ అయినవాడు ఓడిపోతాడు. నా దగ్గర ఒకటి ఎక్కువుంది." దీనికి టెఫెరీయే సమాధానం చెప్పాడు. బల్ల మీది కార్డుని లైబ్రరీలోకి పంపే తన మైనస్ 3 శక్తిని తన మీదే వాడుకుని లైబ్రరీలో పైనుంచి మూడో స్థానంలోకి వెళ్ళిపోతాడు. మళ్ళీ చేతికొస్తాడు, మళ్ళీ దిగుతాడు, మళ్ళీ వెళ్తాడు. అలా తిరిగినంతకాలం లైబ్రరీ ఖాళీ కాదు, ఎదుటివాడిదే అవుతుంది. గెలిపించే కార్డు ఒక్కటి కూడా లేకుండా గెలిచే మార్గం ఇది. ఇంత పని జరుగుతున్నచోట ఒక కార్డు ఎక్కువుందని చెప్పుకోవడం సిగ్గుచేటు.

ఇంతకీ తమరు నిజంగా 27వ ల్యాండ్ వేషంలో వచ్చేది ఎప్పుడో ఒకసారి. మామూలుగా టోర్నీ ముందురోజు రాత్రి వస్తారు. "ఎవరైనా లోటస్ ఫీల్డ్ కాంబో డెక్ తెస్తే?" అని ఒకటి. "ఆట త్వరగా ముగించాలి కదా" అని ఒకటి. "ఇది మంచి కార్డు, ఊరికే పెట్టెలో పడుంది" అని ఇంకొకటి. మూడూ భయాలే, బొమ్మలే వేరు. కంట్రోల్ డెక్‌కి భయం తగలడం సులువు, ఎందుకంటే ఎదుటివాడి ప్రతి పనికీ జవాబు చెప్పడమే దాని వృత్తి. ప్రతి ప్రశ్నకీ ఒక కార్డు పెట్టుకుంటూ పోతే డెక్, సైడ్‌బోర్డ్ కలిపిన 75 కూడా చాలవు.

అందుకే తమరిని సాగనంపే పద్ధతి చెప్తాం, వినండి. కాగితం మీద ఐదు గళ్ళు గీయాలి: రెండో టర్న్, మూడు, నాలుగు, ఐదు, గెలుపు. 34 కార్డుల్లో ప్రతిదీ ఏదో ఒక గడిలో కూర్చోవాలి. "ఇది ఎక్కడైనా సరిపోతుంది" అనిపించుకున్న కార్డు ఎక్కడా సరిపోదని రాసుకోవచ్చు. గెలుపు గడిలో జనం ఎక్కువైతే తప్పు అక్కడే ఉంది. 1990లలో బ్రయన్ వైస్‌మన్ ఆడిన 'ద డెక్'లో గెలిపించడానికి రెండు సెరా ఏంజెల్స్ ఉండేవి. మిగతావాటి పని ఆట ఆయన చేతిలోకి వచ్చేదాకా నిలబెట్టడం.

తర్వాత, అనుమానమున్న ఒకటి రెండు చోట్ల అసలు కార్డు తీసి, స్లీవ్‌లో ప్రశ్నగుర్తు రాసిన చీటీ పెట్టాలి. ఆ చీటీ చేతికొచ్చినప్పుడల్లా, ఆ క్షణంలో అది ఏ కార్డై ఉంటే బాగుండేదో ముందు పుస్తకంలో రాసి, ఆ తర్వాతే ఆడాలి. ఆట అయ్యాక రాస్తే లాభం లేదు, మనసు గెలిచినదాన్నిబట్టి జవాబు మార్చేస్తుంది. ముందు ఆడినవీ వెనక ఆడినవీ విడిగా రాయాలి, ఎందుకంటే వెనక ఆడేటప్పుడు రెండు మానా కౌంటర్ (ఎదుటివాడి కార్డుని ఆపేది) ఒక టర్న్ ఆలస్యంగా తెరుచుకుంటుంది, అప్పటికే బల్ల మీద ఒకడు దిగి ఉంటాడు. ఒకసారికి రెండు కార్డుల కంటే ఎక్కువ మార్చకూడదు. నాలుగు మార్చి, గెలిచి, ఏది గెలిపించిందో తెలియక నాలుగూ ఉంచుకునేవాళ్ళ ఇంటే తమరు ఎక్కువగా మకాం వేస్తారు.

అన్నిటికంటే పనికొచ్చేది ఓడిన ఆటలో చేతిలో మిగిలిన కార్డుల జాబితా. కంట్రోల్ సాధారణంగా చేతినిండా కార్డులతోనే చచ్చిపోతుంది. నో మోర్ లైస్ మిగిలితే ఆట సాగిపోయి ఎదుటివాడి దగ్గర మూడు మానా మిగులుతోందన్నమాట, అక్కడ అబ్సార్బ్ కావాలి. వీటో మిగిలితే చంపింది క్రీచర్, దాని మీద వీటో పనిచేయదు. వెర్డిక్ట్ నాలుగో ల్యాండ్ లేక మిగిలిందా, చంపడానికి ఎవరూ లేక మిగిలిందా అన్నవి రెండు వేర్వేరు రోగాలు. మొదటిదానికి మందు ల్యాండ్, రెండోదానికి సైడ్‌బోర్డ్. టెఫెరీ మిగిలితే ఐదో ల్యాండ్ వచ్చిందో లేదో చూడాలి. వచ్చి కూడా దింపలేదంటే ఆడినవాడు భయపడ్డాడు. ఐదు ల్యాండ్లతో టెఫెరీని దింపి ప్లస్ 1 వాడితే ఒక కార్డు వస్తుంది, ఆ టర్న్ ఎండ్ స్టెప్‌లో రెండు ల్యాండ్లు అన్‌ట్యాప్ అవుతాయి (మళ్ళీ వాడుకోవచ్చు). వాటిలో ఒకటి నీలం, ఒకటి తెలుపు ఇచ్చేలా చూసుకుంటే నో మోర్ లైస్ గానీ వీటో గానీ సిద్ధం. మొదట ఏ ల్యాండ్లు ట్యాప్ చేశామన్నది కాదు, చివర్లో ఏవి లేపుతామన్నది చూడాలి. ఈ జాబితాలో ఎన్ని ఆటలు తిరగేసినా "61వ కార్డు లేకపోవడం వల్ల ఓడాం" అన్న పద్దు మాత్రం తగలదు.

కార్డులు ఒకదానితో ఒకటి కొట్టుకోవడం కూడా ఈ పుస్తకంలోనే బయటపడుతుంది. లాక్‌డౌన్ దిగగానే, ల్యాండ్లు కాకుండా రెండు లేదా అంతకు తక్కువ మానా విలువ ఉన్నవన్నీ ఇరువైపులా ఎగ్జైల్ అవుతాయి, అంటే ఆట బయటికి పోతాయి. టోకెన్ (వేరే కార్డు పుట్టించిన జీవం) మానా విలువ సున్నా. కాబట్టి అంతకు ముందు షార్క్ టైఫూన్‌ని సైకిల్ చేసి పుట్టించిన మన సొరచేప కూడా పోతుంది, ఎంపరర్ పిలిచిన సమురాయ్ కూడా పోతాడు. లాక్‌డౌన్ తర్వాత బల్ల మీంచి వెళ్ళిపోయినా టోకెన్లు తిరిగిరావు. "మూడో లాక్‌డౌన్‌గా నన్ను పెట్టుకోండి" అని తమరు అడిగినప్పుడు ఈ మాట చెప్పరే?

తమరి గొప్ప మోసం మాత్రం సైడ్‌బోర్డ్ దగ్గర ఉంది. ఇప్పటి నియమం ప్రకారం రెండో ఆటకి ఎన్ని తీస్తే అన్నే పెట్టాలని లేదు. డెక్ 60కి తగ్గకూడదు, సైడ్‌బోర్డ్ 15కి మించకూడదు, అంతే. ఇది విని చాలామంది "మొదటి ఆట 61తో ఆడదాం, తర్వాత అవసరమైతే 60కి దిగుదాం" అనుకుంటారు. 61కి 15 కలిపితే 76. అందులో 60 డెక్‌లో ఉంచితే సైడ్‌బోర్డ్‌లో 16 పడతాయి, అది కుదరదు. అంటే 15 కార్డుల నిండు సైడ్‌బోర్డ్ ఉన్నవాడి ఇంట్లో తమరు మొదటి ఆటకి అడుగుపెట్టాక మూడో ఆట దాకా కదలరు. తమరు కాకపోతే తమరి కుర్చీలో ఇంకొకరు. 60కి దిగే దారి ఉంచుకోవాలంటే సైడ్‌బోర్డ్ 14తో నమోదు చేయాలి. అంటే తమరి కోసం అక్కడ ఒకరిని చంపుకోవాలి. ఇక లిస్ట్‌లో 60 రాసి బల్ల మీద 61 పెట్టినవాడికి జడ్జి వచ్చి చెప్పే మాట మేం చెప్పనక్కర్లేదు. గేమ్ లాస్ దాకా వెళ్ళొచ్చు.

తమరి వంశం పెద్దదని మాకు తెలుసు. 2020లో యోరియన్ అనే కార్డు వచ్చి, 20 కార్డులు ఎక్కువ పెడితేనే మీకు తోడుంటానంది. జనం సంతోషంగా 80 పెట్టారు. 2022 అక్టోబరులో మోడర్న్ అనే ఫార్మాట్‌లో దాన్ని నిషేధించారు. బ్యాటిల్ ఆఫ్ విట్స్ అనే కార్డైతే లైబ్రరీలో 200 కార్డులుంటే గెలుపే అంటుంది. వాళ్ళు లావుగా ఉన్నందుకు జీతం తీసుకునేవాళ్ళు. తమరికి ఆ ఒక్క కార్డు బరువుకి ఇచ్చేవాళ్ళెవరూ లేరు.

గడియారం సంగతి కూడా ఒక మాట. మూడు ఆటల మ్యాచ్‌కి 50 నిమిషాలు, ఆ తర్వాత ఐదు టర్న్‌లు. డ్రా అయితే ఒక పాయింట్, గెలిస్తే మూడు. కంట్రోల్ వాళ్ళు ఈ భయంతోనే తమరిని త్వరగా గెలిపించే కార్డుగా చేర్చుకుంటారు. వాళ్ళకి కావాల్సింది మొదటి ఆట చేజారిందని తెలియగానే కార్డులు ఎత్తేసి రెండోదానికి వెళ్ళగలిగే మనసు, డెల్యూజ్ వేసి నాలుగు కార్డులు చూసేటప్పుడు ఏ రెండు తీసుకోవాలో ముందే తెలిసి ఉండడం. రెండూ అభ్యాసంతో వచ్చేవి, స్లీవ్‌లో దొరకవు.

కాబట్టి ఈ శుక్రవారం లిస్ట్ ఇచ్చేలోపు తమరు బయల్దేరగలరని మనవి. వెళ్ళనంటే తమరి చోటుకి పోటీపడే ఇంకొకరిని పంపించండి, ఇద్దరికీ ఒకే గడి ఇచ్చి చూస్తాం.

ఇట్లు,
నీలం-తెలుపు కంట్రోల్ ఆడేవాళ్ళు

తా.క.: వెళ్తూ వెళ్తూ స్లీవ్ ఇక్కడే వదిలి వెళ్ళండి. నలిగిన 60 స్లీవ్‌ల మధ్య ఒక కొత్త స్లీవ్ మెరిస్తే కలిపేటప్పుడే కనబడిపోతుంది, గుర్తుపెట్టిన కార్డని జడ్జిని పిలుస్తారు. తమరి తర్వాత ఎవరు లోపలికొచ్చినా ఆ నలిగినదే తొడుక్కుంటారు, లేదంటే మొత్తం 75కీ ఒకేసారి కొత్తవి మార్చాలి.