ఫెర్గూసన్ కూర్చుని లేచిన కుర్చీకి, ఆటోనగర్ నుంచి ఉత్తరం

మహారాజశ్రీ మాంచెస్టర్ యునైటెడ్ ఫుట్‌బాల్ క్లబ్బు వారి ఓల్డ్ ట్రాఫర్డ్ గ్రౌండులో, మేనేజరు కూర్చునే డగౌట్ కుర్చీ గారికి, విజయవాడ ఆటోనగర్‌లో ఒక లారీ షెడ్డు నుంచి మీ భక్తుడు వ్రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ ఎండలు మామూలే, మీకు వానలు మామూలే అనుకుంటా.

నేనెవర్నో చెప్పాలి కదా. 2008 మేలో మాస్కోలో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో, వానలో చెల్సీ టీము టెర్రీ జారిపడి పెనాల్టీ పోగొట్టాడే, ఆ రాత్రి ఇక్కడ తెల్లారుజామున మూడవుతుంటే పటమటలో ఫ్రెండు రూములో ఎగిరి అరిచి, ఇంటి ఓనర్ చేత బూతులు తిని, అప్పట్నుంచి మీ కొలువులో పడున్నవాణ్ణి. ఆ తిట్లు లెక్కలోకి రావు లెండి, కప్పొచ్చింది. 2013 తర్వాత పోగొట్టుకున్న నిద్రల లెక్క మాత్రం మీరు తేల్చాలి.

మీ మీద 1986 నవంబర్ నుంచి 2013 మే దాకా ఒకే మనిషి కూర్చున్నాడు, మేనేజరు ఫెర్గూసన్. 38 కప్పులు, అందులో ప్రీమియర్ లీగే 13. చివరి మ్యాచ్ వెస్ట్ బ్రామ్‌తో 5-5, ఆయనకది 1500వ మ్యాచు, చిట్టా పద్దు సరిచూసుకుని మరీ లేచాడు మహానుభావుడు. లేచాడు సరే, వెళ్ళాడా అని. బొమ్మ స్టేడియం బయట, పేరు స్టాండు మీద, మనిషి పైన డైరెక్టర్ల సీట్లో. కింద మీ మీద కొత్తోడు తల పట్టుకుంటే చాలు కెమెరా టక్కున పైకి తిరుగుద్ది, అక్కడ ఈయన గమ్ము నముల్తా ఉంటాడు. మా పక్క దీన్నేమంటారంటే, తాళాల గుత్తి కోడలి బొడ్లో దోపి అత్తగారు బీరువాకి అడ్డంగా మంచమేసుకుని పడుకోడం.

మోయెస్ గుర్తున్నాడా మీకు, లేక వచ్చినోళ్ళందర్నీ కలిపి మర్చిపోయారా? ఫెర్గూసన్ ఇంటికి రమ్మంటే, ఎవరో ప్లేయర్ గురించి మాట్లాడతాడు కామోసనుకుని జీన్స్ ప్యాంటు మీదే వెళ్ళాడు పాపం. చేస్తావా అని అడగలా, నువ్వే నెక్స్ట్ అని చెప్పేశాడంట. మొహంలో నెత్తురు ఇంకిపోయిందని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు. ఈ రోజుల్లో పెళ్ళిచూపుల్లో కూడా అబ్బాయిని ఒక మాట అడుగుతున్నారండీ. ఎవర్టన్‌లో 11 ఏళ్ళు మేనేజరుగా చేశాడు, మంచి పనోడే, కానీ అప్పటికి పెద్ద కప్పు ఒక్కటి ఎత్తిన చేతులు కావవి. ఆరేళ్ళ కాంట్రాక్టు రాసిచ్చారు, ఏరికోరి తెచ్చుకున్నోడని స్టాండులో బేనర్ కట్టారు. తొమ్మిది నెలలకి విమానం తోక్కి ఇంకో బేనర్ కట్టి ఎగరేశారు, ఈయన దిగిపోవాలని. 2014 ఏప్రిల్లో పంపించేశారు, ఆ సీజన్ ఏడో ప్లేసు.

ఆయన చెప్పిన ఇంకో మాట నాకు మనసులో గుచ్చుకుపోయింది. చేరిన కొత్తల్లో ఆఫీసులో ఫెర్గూసన్ సీట్లో ఎవరూ చూడకుండా ఒక్కసారి కూర్చుని చూసుకున్నాడంట, ఏదోలా అనిపించిందంట. చదివి నవ్వారు మా ఫ్రెండ్సు. నాకు నవ్వు రాలా. ఎందుకంటే మా షెడ్డులోనూ మీ చుట్టం ఒకరున్నారు, ఇనప కుర్చీ, ప్లాస్టిక్ వైరు అల్లింది, ఎడం చెయ్యి దగ్గర వైరు తెగి గుచ్చుకుంటది.

అది మేస్త్రి గారిది. ముప్పై ఏళ్ళు ఆ కుర్చీలో కూర్చునే లారీలు బాగుచేశాడు. కూర్చునే అంటే నిజంగానే, ఇంజను మీద స్క్రూడ్రైవర్ ఆనించి అటు కొస చెవిలో పెట్టుకుని మూడో సిలిండర్రా అనేవాడు, మేం విప్పితే మూడోదే. బానెట్ మీద అరచెయ్యి పెట్టి బండి ఆపి ఎంతసేపైందో చెప్పేవాడు, డ్రైవర్లు అబద్ధం చెప్పడానికి కూడా ఉండేది కాదు. పోయినేడు మోకాళ్ళు పట్టేసి, ఇక నువ్వు చూస్కోరా అబ్బాయ్ అన్నాడు. నేనూ జీన్స్ ప్యాంటులోనే ఉన్నా.

అంతే, మర్నాడు పొద్దున్నే ఎనిమిదింటికి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఇవాళ్టికీ వస్తున్నాడు. ఏమీ అనడు, అదే బాధ. నేను స్పానర్ పట్టుకోగానే టీ గ్లాసు కిందపెడతాడు. ఓనర్లు లారీ దిగి నన్ను దాటుకుని ఆయన దగ్గరికెళ్ళి నమస్కారం పెట్టి, ఆయనేమో అబ్బాయికి చెప్పండి అని నన్ను చూపిస్తే, అప్పుడు నావైపు తిరిగి ఓహో నువ్వున్నావు కదూ అన్నట్టు చూస్తారు.

అందుకే ఫుల్‌హామ్ మ్యాచు మీద జోకులేస్తే నేను నవ్వను. అట్టడుగు టీముతో సొంత గ్రౌండులో 81 క్రాసులు, అంటే పక్కల నుంచి గోల్ ముందుకి బంతులు, కొట్టించాడు మోయెస్, ఆఖరి నిమిషాల్లో గోల్ ఇచ్చి 2-2. ఆటంటే ఏంటో తెలీకా? పైనుంచి పెద్దాయన చూస్తుంటే చేతికి అలవాటైన పని ఒక్కటే గుర్తుంటది గురూ, అదే మళ్ళీ మళ్ళీ చేస్తాం. మొదటి నెల నేనూ ఒక టిప్పర్‌కి జబ్బేంటో తెలీక కనపడ్డ నట్టల్లా విప్పేశా. చివరికి డీజిల్ ఫిల్టర్. మేస్త్రి గారు అప్పటికే ఆ ఫిల్టర్ వంక చూస్తున్నాడు, చెప్పలా.

సరే ఇది మీకు కొత్తలవాటు కాదులే, అసలు మీ వంశంలోనే ఉంది. 1969లో మీ పాత మేనేజరు బస్బీ లేచినప్పుడు మెక్‌గిన్నెస్‌ని కూర్చోబెట్టారు, 31 ఏళ్ళు, మేనేజరుగా ఎప్పుడూ చేసింది లేదు. టీములో ఆడుతున్న బాబీ చార్ల్‌టన్ అతనికన్నా రెండు వారాలు పెద్ద! నిన్నటిదాకా పక్కన కూర్చుని అన్నం తిన్నోడికి నువ్విట్టా ఆడు అని ఎట్టా చెప్తాం? మా షెడ్డులో గేర్‌బాక్సు అన్న నాకన్నా నాలుగేళ్ళు పెద్ద, ఆయనకి పని చెప్పాలంటే ముందు నేను టీ తెప్పించాలి. బస్బీ ఏమో జనరల్ మేనేజర్ అని ఇంకో పేరు పెట్టుకుని అదే క్లబ్బులో ఉన్నాడు, ప్లేయర్లు ఏదన్నా అయితే ఎవరి దగ్గరికెళ్తారు మరి. మూడు సెమీఫైనల్స్ దాకా తీసుకెళ్ళి మూడూ ఓడాడు, 1970 డిసెంబర్లో అతన్ని లేపేసి మళ్ళీ బస్బీనే కూర్చున్నాడు. కుర్చీకి ఎంత హాయి!

అమెరికాలో చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆటని కూడా ఫుట్‌బాలే అంటారు, అక్కడా మీ చుట్టాలే. న్యూ ఇంగ్లాండ్ పేట్రియట్స్ టీముకి బెలిచెక్ 24 సీజన్లు హెడ్ కోచ్‌గా చేసి ఆరు సూపర్ బౌల్స్, అంటే అక్కడి పెద్ద కప్పులు, కొట్టి వెళ్తే, ఎప్పుడూ హెడ్ కోచ్‌గా చెయ్యని మేయోకి ఇచ్చారు. 2024లో 17 మ్యాచుల్లో నాలుగు గెలిచాడు. ఆ నాలుగోది చివరి మ్యాచు, ఓడుంటే వచ్చే ఏడు కొత్త ప్లేయర్లలో మొదట ఏరుకునే ఛాన్సు వచ్చేది, అదీ పోయింది, కొన్ని గంటల్లో ఈయన ఉద్యోగమూ పోయింది. గెలిచినా తప్పే.

విక్రమార్కుడి సింహాసనం ఎక్కబోతే ఒక్కో మెట్టు మీద బొమ్మ ఆపి, నీకు ఆయనంత సాహసముందా అని కథ చెప్పేదంట. 32 బొమ్మలే. మీ చుట్టూ 75 వేలు.

కానీ కుర్చీ, ఇక్కడ నాకు నీ మీద నిజంగా కోపం, ఇక మీరు గీరు అనను. ఫెర్గూసన్‌కి మాత్రం నువ్వు మొదట్లో అట్టా చేశావా? 1986లో వస్తే మొదటి కప్పు 1990లో, లీగ్ 1993లో. మూడేళ్ళు సాకులు చెప్పింది చాలు వెళ్ళిపో అని ఆయనకీ బేనర్ కట్టారు, అయినా నువ్వు కదల్లేదు, ఆయన్ని పడెయ్యలేదు. మరి మోయెస్‌కి పది నెలలకే కాలు ఎందుకు విరిచావ్?

లివర్‌పూల్ పేరెత్తితే నీకు ఒళ్ళు మండుద్దని తెలుసు, అందుకే ఎత్తుతున్నా. 1974లో అక్కడి మేనేజరు షాంక్లీ దిగిపోతే, ఆయన కింద చేసే పైజ్లీ ఆ కుర్చీ నాకొద్దు మొర్రో అన్నాడు. 1939 నుంచి ఆ క్లబ్బులో ఉన్న మనిషి, ప్లేయర్ల కాళ్ళు పిసికి బాగుచేసిన చేతులు. షాంక్లీ ప్రాక్టీసు గ్రౌండుకి రోజూ వచ్చేవాడంట, ప్లేయర్లేమో అలవాటుకొద్దీ ఆయన్నే బాస్ అని పిలిచేవాళ్ళు. చివరికి క్లబ్బోళ్ళు ఇక రావద్దన్నట్టు చెప్పాల్సొచ్చింది. మొదటి సీజన్ కప్పు లేదు. ఆగారు. తొమ్మిదేళ్ళలో ఆరు లీగులు, మూడు యూరోపియన్ కప్పులు.

ఇది చదివి నేను మేస్త్రి గార్ని రావద్దంటానేమో అనుకోకు. షాంక్లీ పాపం ఎంత కుమిలిపోయుంటాడో అనే నాకనిపించింది. ఆయన రాకపోతే నాకు టీ కూడా దిగదు.

ఈ రెండ్రోజులూ రాలేదు, గుంటూరులో మనవరాలి ఓణీల ఫంక్షన్. అందుకే ఈ ఉత్తరం ఆ కుర్చీలో కూర్చునే రాస్తున్నా, మోయెస్ లాగా షట్టర్ సగం దించి. ఏదోలానే ఉంది. పొద్దున ఒక లారీ వచ్చింది, మేస్త్రి లేడా అన్నాడు డ్రైవరు. నేనున్నా అన్నా. సరే ఆయనొచ్చాకే చూపిస్తాలే అని బండి చెట్టు నీడన పెట్టి కింద పడుకున్నాడు, ఇంకా అక్కడే గురకపెడుతున్నాడు.

ఆటో ఆగిన చప్పుడైంది, ఆయనే అనుకుంటా. లేస్తున్నా, ముందు ఈ కుర్చీ ఫ్యాను కిందకి జరపాలి. బానెట్ మీద చెయ్యేసి ఎంతసేపైందో చెప్పేసే మనిషి, వైరు వేడిగా ఉంటే పట్టెయ్యడా.

ఇట్లు,
ప్రస్తుతం నించున్న
మీ భక్తుడు