రోకలి సాక్ష్యం

మూఢనమ్మకాలకు ఆధారాలు ఉండవని హేతువాదులు చేసే ప్రచారాన్ని ఈ వ్యాసకర్త తీవ్రంగా ఖండిస్తున్నాడు. ఆధారాలు ఉన్నాయి. నిటారుగా నిలబడి మరీ ఉన్నాయి. గ్రహణం పట్టిన వేళ మాత్రమే రోకలి నిలబడుతుందన్నది మన నమ్మకం. 2020 జూన్ 21 ఆదివారం, సూర్యగ్రహణం పట్టిన వేళ, ఎన్నో ఊళ్లలో ఇత్తడి పళ్లెంలో నీళ్లు పోసి రోకలిని నిలబెడితే కదలకుండా నిలబడింది. టీవీల్లో కూడా చూపించారు. ఇంతకన్నా ఏం కావాలి?

నిజానికి ఆ రోజు సూర్యుడు కంకణంలా కనిపించింది రాజస్థాన్, హర్యానా, ఉత్తరాఖండ్‌ల మీదుగా పోయే సన్నటి దారిలోనే. మనకు దక్కింది పాక్షిక గ్రహణం. అయినా మన రోకలి పాక్షికంగా వంగి నిలబడలేదు. తెలుగు రోకలి నిబద్ధత అలాంటిది.

సైన్సు ప్రచారం చేసే జన విజ్ఞాన వేదిక వాళ్లు చెప్పే కారణం వింటే నీరసం వస్తుంది. రోకలి అడుగు చదునుగా ఉంటుందట, దానికి పొన్ను అనే ఇనప కట్టు ఉంటుందట, ఓపిగ్గా సరిచేసి నిలబెడితే ఏ మంగళవారమైనా నిలబడుతుందట. నిలబెట్టి చూపిస్తారు కూడా. ఇదేం పద్ధతి? గ్రహణం లేని రోజున రోకలిని ఇలా ఇబ్బంది పెట్టడం మన సంప్రదాయంలో ఉందా?

చదువుకున్నవాళ్ల వివరణ మరీ గంభీరం. సూర్యుడు, చంద్రుడు, భూమి ఒకే వరసలోకి వస్తే గురుత్వాకర్షణ మారిపోతుందట. బాగానే ఉంది. కానీ ప్రతి అమావాస్యకూ ఆ మూడూ దాదాపు అదే వరసలోకి వస్తాయి. చంద్రుడు కాస్త పైకో కిందికో తప్పుకోవడంతో నీడ మన మీద పడదు, అంతే. ఆ లెక్కన నెలకోసారి ఇంటింటా రోకళ్లు లేవాలి. మామూలు అమావాస్యకు ఎవరైనా పళ్లెం తీస్తారా? తీయరు. అక్కడే ఉంది తేడా అంతా. హేతుబద్ధమైన నమ్మకానికి లౌక్యం తెలియదు, ఫెయిలయ్యే అవకాశం ఎక్కడుందో వెతుక్కుని వెళ్లి పరీక్ష రాస్తుంది. మన నమ్మకం పాసయ్యే రోజునే హాల్‌టికెట్ తీసుకుంటుంది.

విడుపు కాగానే రోకలి దానంతటదే పడిపోతుందని కూడా అంటారు. పడేదాకా ఆగే ఓపిక ఎవరికి? విడుపు స్నానాలు కావాలి, వంట మొదలవ్వాలి.

సూర్యుణ్ణి చంద్రుడు, చంద్రుణ్ణి భూమి నీడ కప్పుతాయని ఆర్యభటుడు 499 ప్రాంతంలోనే రాసేశాడు. సూర్యచంద్రుల గమనాన్ని లెక్కగట్టే పంచాంగం పట్టు, విడుపు వేళలను ఉగాదికే అచ్చు వేసి అమ్ముతుంది. రాహువు సరిగ్గా ఆ వేళకు వచ్చి మింగి, చెప్పిన వేళకు వదిలి వెళ్తాడు. బయోమెట్రిక్ హాజరు లేకుండా ఇంత క్రమశిక్షణ ఏ ఆఫీసులో చూస్తాం?

గ్రహణానికి తిరుమల గుడి తలుపులు మూస్తారు. అదే జిల్లాలోని శ్రీకాళహస్తిలో తెరిచే ఉంచుతారు. ఇందులో వైరుధ్యం వెతికేవాళ్లకు భక్తుల సౌకర్యం పట్టదు.

శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించుకోవడం పౌరుల ప్రాథమిక విధి అని 1976లో రాజ్యాంగంలో చేర్చారు. విధి అన్నారే గానీ జరిమానా పెట్టలేదు కనుక కంగారు లేదు. అసలు టెన్షన్ వేరే ఉంది. ఇళ్లలో రోకళ్లు కరువైపోతున్నాయి. వచ్చే గ్రహణానికి మిక్సీ జారును నిలబెడదామా అంటే, పాడుది, అది రోజూ నిలబడుతుంది.