గ్యాస్ లేదని రుజువేటి?

విజయనగరంలో మాది ఫుల్ కరెంటు ఇల్లు. వంటకి ఇండక్షన్, అన్నానికి రైస్ కుక్కర్, నీళ్ళకి గీజర్, ఇవి కాక ఓ ఓవెన్ కూడా ఉంది, అది ఎందుకు కొన్నామో గుర్తులేదు గానీ దాని మీద పప్పుల డబ్బాలు బాగా కూర్చుంటాయి. "నిప్పు లేని ఇల్లు ఇల్లేట్రా" అని మా అమ్మ మూడేళ్ళు పోరగా పోరగా సరే అని గ్యాస్ కనెక్షన్‌కి బయల్దేరాను.

అమ్మ డౌటు గృహప్రవేశం నాడే మొదలైంది లెండి. పాలు పొంగాయి, గాజు పలక మీద పడ్డాయి, ఇండక్షన్ కుయ్యిమని అరిచి ఏదో ఎర్రర్ చూపించి ఆగిపోయింది, పంతులుగారు మంత్రం మధ్యలో ఆపేసి నా వైపు చూశారు. పైగా ఆవిడ ఉద్దానం మనిషి. 2018 అక్టోబర్లో తిత్లీ తుఫాను వచ్చి స్తంభాలన్నీ పడుకున్నప్పుడు "నువ్వు ఫోన్ చార్జింగ్ లేదని ఏడిస్తే నాను గ్యాస్ మీద చారు కాసీసినాను" అని ఇప్పటికీ అంటది. దీనికి నా దగ్గర జవాబు లేదు.

ఏజెన్సీ కౌంటర్లో అమ్మాయి అడిగింది: "ట్రాన్స్‌ఫరా అండీ?"

"కాదమ్మా, కొత్తది."

"మరి ఇన్నాళ్ళూ ఏటి తిన్నారు?"

అడ్రస్ ప్రూఫ్ ఏం ఇవ్వాలంటే కరెంటు బిల్లంట. ఇచ్చాను. అది చూసి ఆ అమ్మాయి పక్క సీటాయనకి చూపించింది, ఆయన కళ్ళజోడు పైకి తోసి చాలా మర్యాదగా "ఇంట్లో పిండిమిల్లు ఉందా సార్?" అన్నాడు.

తర్వాత ఆధార్ కొట్టారు. కంప్యూటర్ ఒప్పుకోలేదు. మీ కుటుంబానికి ఆల్రెడీ కనెక్షన్ ఉందంది. ఎక్కడా అంటే సోంపేట దగ్గర మా ఊళ్ళో, 1999లో దీపం పథకం పెట్టిన కొత్తల్లో అమ్మ పేరున వచ్చింది, ఆ రేషన్ కార్డులో నా పేరు ఇంకా కదలకుండా కూర్చునుంది. అంటే గవర్నమెంటు లెక్కలో నేను విజయనగరంలో కాపురం ఉంటూ వంద కిలోమీటర్ల పైన అవతలున్న పొయ్యి మీద రోజూ వండుకుంటున్నాననమాట. దీపం-2 కింద ఏడాదికి మూడు సిలిండర్లు ఫ్రీ అని 2024 నవంబర్ 1న ముఖ్యమంత్రి మా ఊరి వైపే ఈదుపురం వచ్చి మరీ మొదలెట్టారు, నేనేమో ఇక్కడ డబ్బులిస్తాను బాబూ ఒక్కటి ఇవ్వండని బతిమాలుతున్నాను.

అందుకే ప్రభుత్వానికి నాదో సీరియస్ సూచన. కులానికి, ఆదాయానికి ఇచ్చినట్టే, పింఛనోళ్ళు బతికున్నట్టు ఇచ్చినట్టే, పొయ్యి లేనట్టు కూడా ఓ సర్టిఫికెట్ పెట్టాలి. వీఆర్వో గారు ఇంటికొచ్చి వంటింట్లో నిలబడి గట్టిగా ఓసారి పీల్చి సంతకం పెడితే చాలు. గ్యాస్‌కి సొంత వాసన ఉండదు, లీకైతే తెలియాలని మెర్కాప్టాన్ అని కుళ్ళు వాసనది కలుపుతారు, కాబట్టి వాసన రాకపోతే గ్యాస్ లేనట్టే, మురుక్కాలవ పక్కిళ్ళకి మాత్రం ఎంక్వైరీ వెయ్యాలి.

కార్డులోంచి పేరు తీయించుకున్న కథ ఇక్కడ రాయను. అది వేరే పురాణం.

చివరికి సిలిండర్ వచ్చింది. లోపల గ్యాస్ 14.2 కిలోలే, ఇనుముతో కలిపి ముప్ఫై దాకా తూగుద్ది, దాన్ని భుజాన వేసుకుని రెండంతస్తులు ఎక్కిన కుర్రాడికి దణ్ణం పెట్టాలి. మెకానిక్ వచ్చి వంటింట్లో కింద వరసగా ఉన్న ఆరు ప్లగ్గులు చూసి వెనక్కి అడుగేశాడు. "ఇది గాలి కన్నా బరువండీ, లీకైతే కిందకే దిగుతాది, మీరేమో కిందంతా కరెంటు పెట్టీసినారు" అన్నాడు. నాలుగు ప్లగ్గులు పీకించి, గోడకి నేల దగ్గర ఓ కన్నం కొట్టించి, స్టవ్ గట్టు మీదా సిలిండర్ నిటారుగా కిందా పెట్టించాడు. పైపు అయిదేళ్ళకోసారి మార్చాలని కూడా చెప్పాడు, ఇండక్షన్‌కి ఆ గొడవ లేదని నేనంటే అమ్మ నా వైపు చూసిన చూపు మెకానిక్ కూడా చూశాడు.

ఆ సాయంత్రం అమ్మ పాలు పెట్టింది, దగ్గరే నిలబడి కావాలనే పొంగించింది, అవి పొయ్యి నిండా పడి మంట ఆరిపోయింది. గబుక్కున నాబ్ కట్టీసి, కిటికీలు బార్లా తీసి, ఇప్పటికి గృహప్రవేశం అయినాది అంది. పంతులుగారికి ఫోన్ చేసి చెప్పమంది కూడా. దక్షిణ మళ్ళీ అడుగుతారేమోనని నేను చెయ్యలేదు.