విశాఖ పెద్దలకు నడక ఒక్కటే చాలదు

విశాఖలో పెద్దవాళ్లు నడవరని ఎవరూ అనలేరు. తెల్లవారుజామున వాహనాలు ఆపేసిన వేళ ఆర్కే బీచ్ రోడ్డు చూడండి, అరవై దాటినవాళ్లకు లోటుండదు. పోర్టులో, షిప్‌యార్డులో, ఉక్కు కర్మాగారంలో పనిచేసి రిటైరైనవాళ్లు శివాజీ పార్కులో చుట్లు లెక్కపెట్టుకుంటూ తిరుగుతారు. ఆషాఢంలో సింహాచలం కొండ కింద తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి 32 కిలోమీటర్ల గిరి ప్రదక్షిణకు బయల్దేరేవాళ్లలోనూ తల నెరిసినవాళ్లు బోలెడు. అంత నడిచినవాళ్లే సోఫాలోంచి లేవాలంటే రెండు చేతులూ ఆనించుకుంటారు. కారణం కండరాల్లోనే ఉంది.

ముప్ఫై దాటాక పదేళ్లకు సుమారు 3 నుంచి 8 శాతం చొప్పున కండ తరుగుతుందని, అరవై తర్వాత ఆ వేగం ఇంకా పెరుగుతుందని అంచనా. బలం అంతకంటే త్వరగా పోతుంది. మన కండరాల్లో ముఖ్యంగా రెండు రకాల పోగులున్నాయి. అలుపు లేకుండా నెమ్మదిగా పనిచేసేవి కొన్ని, క్షణంలో బిగుసుకుని జోరు చూపేవి కొన్ని. వయసు ఎక్కువగా దెబ్బకొట్టేది ఈ జోరు పోగుల్నే. వెన్నుపాములో ఉండి వాటిని పనిచేయించే నాడీకణాలు కొన్ని చచ్చిపోతాయి. దిక్కులేకుండా మిగిలిన పోగుల్లో కొన్నిటిని పక్కనున్న నెమ్మది పోగుల నాడీకణం చేరదీసి తన నెమ్మది నేర్పుతుంది. ఏదీ అందుకోనివి క్షీణించిపోతాయి, కండ మధ్యలో కొవ్వు పేరుకుంటుంది. అందుకే తొడ లావు పెద్దగా తగ్గకపోయినా కాళ్లలో పస ఉండదు.

చదునైన రోడ్డు మీద నడవడానికి నెమ్మది పోగులే దాదాపు సరిపోతాయి. గంటసేపు నడిచినా జోరు పోగులకు పెద్దగా పని తగలదు. బాత్‌రూములో కాలు జారినప్పుడు ఒంటిని నిలబెట్టాల్సింది మాత్రం అవే. నడక గుండెకీ షుగర్‌కీ మేలే, మానమని నేననను. దానికి తోడు వారంలో రెండు మూడు రోజులైనా కండకు బరువు తగలాలి. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం, మెట్లెక్కడం, నీళ్లు నింపిన బాటిళ్లు ఎత్తడం, అలవాటయ్యాక ఇంకాస్త బరువు. ఈ వయసులో ఇవేం పనులనే వాళ్లకు 1990లో అమెరికాలో జరిగిన ఒక అధ్యయనం చెప్పాలి. నర్సింగ్‌హోమ్‌లో ఉన్న, తొంభైకి అటూ ఇటూ వయసున్న పదిమంది చేత 8 వారాలు కాళ్లతో బరువులు ఎత్తించారు. పూర్తిచేసినవాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది. తొంభైలో మాట విన్న కండ అరవై అయిదులో వినదా?

మన ఇళ్లలో జరుగుతున్నది దీనికి తలకిందులు. "నువ్వు లేవకమ్మా, నేను తెస్తాను" అంటాం. ప్రేమతోనే అంటాం, కానీ అలా కూర్చోబెట్టిన ప్రతిసారీ ఆ కాళ్ల పని మనం లాగేసుకుంటున్నాం. జ్వరమొచ్చినా, ఆపరేషన్ అయినా మంచం దిగనివ్వం. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు పదిరోజులు మంచానికే పరిమితమైతే ఒక్క కాళ్లలోనే దాదాపు కిలో కండ పోయిందని తేలింది. ఇక జబ్బుతో ఉన్నవాళ్ల సంగతి చెప్పేదేముంది?

తిండి మరో లోటు. వయసు మీరిన కండరం కొద్దిపాటి ప్రొటీన్‌కు స్పందించదు, పూటకు గట్టిగానే అందాలి. రోజుకు కిలో బరువుకు 0.83 గ్రాములని మన దేశపు సిఫార్సు. పెద్దవాళ్లకు 1 నుంచి 1.2 గ్రాములు కావాలని వృద్ధాప్య పోషణ నిపుణులంటున్నారు. అరవై కిలోల మనిషికి అరవై గ్రాములకు తగ్గకూడదు. రాత్రి రెండు ఇడ్లీలు, కాస్త మజ్జిగతో సరిపెట్టుకుంటే ఎక్కడ అందుతుంది? హార్బర్ పక్కనే ఉండగా చేప తినేవాళ్లకు కరువేమిటి? తిననివాళ్లు పెసరట్టు, గట్టి పప్పు, పెరుగు పెంచుకోవచ్చు. కిడ్నీ జబ్బున్నవాళ్లు మాత్రం డాక్టర్ని అడిగే పెంచాలి.

ఇంటింటా బీపీ, షుగర్ లెక్కలు నోటికి చెబుతారు. తమ కాళ్ల బలమెంతో చెప్పగలిగేవాళ్లు నాకు ఇంతవరకు తగల్లేదు. కొలవడానికి స్కానింగ్ అక్కర్లేదు. చేతులు గుండెల మీద కట్టుకుని కుర్చీలోంచి అయిదుసార్లు లేచి కూర్చోవాలి. 12 సెకన్లు, అంతకుమించి పడితే పరీక్ష చేయించుకోమని ఆసియా వైద్య నిపుణుల బృందం 2019లో చెప్పింది. వైద్య శిబిరంలో బీపీ మిషన్ పక్కన ఒక కుర్చీ వేయడానికి ఖర్చేమీ కాదు. పార్కుల్లో పెట్టిన వ్యాయామ పరికరాల దగ్గర వారానికి రెండు రోజులు ఫిజియోథెరపిస్టును కూర్చోబెట్టి, మోకాళ్లు అరిగినవాళ్లు ఎంత బరువు ఎత్తవచ్చో చూపించాలని నగరపాలక సంస్థను విశాఖ పెద్దలు గట్టిగా అడగాలి.