పెన్ డ్రైవ్ పంచాయితీ

పాలమూరులో పాత ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లెవరైనా పెన్ డ్రైవ్‌లో లినక్స్ (విండోస్‌కు బదులు ఊరికే దొరికే ఆపరేటింగ్ సిస్టం) వేసుకోదలిస్తే, ముందుగా ఐదుగురు పెద్దమనుషుల ముందు హాజరై, తమ యూజ్ కేస్, అంటే ఏ పనికి వాడతారో, విన్నవించుకొని, తీర్పు వచ్చేదాకా మిషన్ మీద చెయ్యి వేయరాదని ఏ జీవోలోనూ లేదు. అయినా జనం ఈ నియమాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తున్నారు. హెల్మెట్ నియమానికి కూడా జిల్లాలో ఇంత మర్యాద దక్కలేదు.

ఆ పెద్దమనుషులెవరో మీకు చెప్పక్కర్లేదు. "అన్నా, ఏ లినక్స్ వేస్కోవాలె?" అని అడిగితే పేరు చెప్పరు. కళ్లు సగం మూసి, "నీ యూజ్ కేస్ ఏంది?" అంటారు. మీరు ఏం చెప్పినా ఒకటే. ఎవరి డిస్ట్రో (లినక్స్‌లో ఒక రకం) వాళ్ల సంచిలో ముందే తయారుగా ఉంటుంది, దాన్నే మీకు అంటగడతారు. ఆ డిస్ట్రో పేరే వాళ్ల పేరు కూడా.

క్లాక్ టవర్ దగ్గర ఒక చాయ్ హోటల్లో ఈ పంచాయితీ సాయంత్రాలు కొలువుదీరుతుంది. మొన్న దేవరకద్ర దిక్కు నుంచి బీకాం చదివే ఒక బిడ్డ వచ్చింది. చేతిలో మేనమామ ఇచ్చిన ల్యాప్‌టాప్. తెర బాగుంది, కీబోర్డు బాగుంది, ర్యామ్ 4 జీబీ. హార్డ్ డిస్క్ ఒక్కటే కాలం చేసింది. (కొత్తది కొనుక్కోవచ్చు కదా అనేవాళ్లు, కొనిచ్చి మాట్లాడండి.)

"హార్డ్ డిస్క్ పోయిందన్నా. పెన్ డ్రైవ్ మీద నడిచేది ఏదన్న ఒకటి చెప్పుండ్రి. ప్రాజెక్టు రికార్డు టైప్ చేస్కోవాలె, స్కాలర్‌షిప్ ఫారం నింపాలె" అంది.

అడగకముందే అంతా చెప్పేసింది! సభ కాసేపు కంగుతింది. ముందుగా తేరుకున్నది ఆర్చ్ అన్న. "అదంత సరే గని, నీ యూజ్ కేస్ ఏంది?"

జవాబు కోసం ఎవరూ ఆగలేదు. ఎండాకాలంలో కూడా నల్ల హుడీ విప్పని కాలీ తమ్ముడు, "కాలీ వెయ్ అక్కా, ఫుల్ సెక్యూరిటీ" అన్నాడు. లినక్స్ కొత్తయినవాళ్లకు ఇది తగదని ఆ కాలీ తయారుచేసినవాళ్లే తమ పత్రాల్లో రాసుకున్నారు. కానీ తమ్ముడు చదవడు, నల్ల తెర మీద పచ్చ అక్షరాలు చూస్తాడు. వైఫై తాళాలు విరగ్గొట్టే పనిముట్లతో స్కాలర్‌షిప్ ఫారం ఎట్లా నింపాలో సెలవివ్వలేదు.

ఆర్చ్ అన్నకు అది నచ్చలేదు. "రెడీమేడ్ వేస్కుంటే ఏం నేర్చుకుంటది? కమాండ్ లైన్‌ల సొంతంగ కట్టుకోవాలె" అన్నాడు. ఆ పిల్ల నేర్చుకోవడానికి వచ్చింది జమాఖర్చులన్న సంగతి ఆయన దాకా చేరలేదు. పైగా ఆర్చ్‌కు ఎడతెగని అప్‌డేట్లు. ఫ్లాష్ చిప్పుకు ఆయుష్షు రాతల లెక్కన ఉంటుంది, రాసేకొద్దీ అరుగుతుంది. పెన్ డ్రైవ్ మీద ఈ నిత్య మరమ్మతు పెట్టమన్నవాడు, చవక పెన్ డ్రైవ్‌లో చిన్న చిన్న ఫైళ్లు ఎంత నత్తనడకన ఎక్కుతాయో ఎప్పుడూ చూసి ఉండడు.

అప్పుడు టెయిల్స్ సారు అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "ఫోన్ దూరం పెట్టు బిడ్డా" అన్నారు. పెట్టింది.

"టెయిల్స్ వేస్కో. బంద్ చెయ్యంగనే అంత మర్శిపోతది."

"అంతనా సార్?"

"అంత."

"మరి నా రికార్డు?"

"అది గూడ."

"మల్ల టైప్ చెయ్యాల్నా?"

"జాడ మిగలదు బిడ్డా! గదే దాని గొప్పతనం."

టెయిల్స్‌లోనే పర్సిస్టెంట్ స్టోరేజ్ అని ఒకటుందని, అది తెరుచుకుంటే రాసుకున్నది తాళం లోపల భద్రంగా ఉంటుందని సారు చెప్పలేదు. చెబితే గూఢచారి కథ చప్పబడుతుంది. ఇంత రహస్య జీవి ఆధార్ కార్డు రెండు వైపులా ఫోటో తీసి కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టి, "ఎవరన్న కలర్ జిరాక్స్ తీయుండ్రి" అని అడిగిన మనిషే.

టైనీకోర్ తాత అంతసేపూ ఓపిక పట్టి, "పాతిక ఎంబీ!" అని బల్ల చరిచాడు. "మొత్తం లినక్స్ పాతిక ఎంబీ అటూ ఇటూ! యాడన్న ఉన్నదా?"

"వైఫై వస్తదా తాతా?"

"అది నెట్‌ల నుంచి దించుకోని ఏస్కోవాలె."

"వైఫై లేకుంటె నెట్ ఎట్లొస్తది?"

తాత ఇంకో చాయ్ చెప్పాడు. వైర్‌లెస్ సరంజామాతో కోర్‌ప్లస్ అని వేరే ఐఎస్‌ఓ (ఎక్కించుకునే ఫైలు) ఉంది. కానీ అది పాతిక ఎంబీ కాదు, పరువు పోతుంది.

పప్పీ కాక ఒక్కడే కొంత న్యాయంగా మాట్లాడాడు. 2003లో బారీ కాలర్ మొదలుపెట్టిన పప్పీ మొత్తం ర్యామ్‌లోకి ఎక్కి కూర్చుంటుంది, ఆపేటప్పుడు దాచాలా అని అడుగుతుంది. కానీ కాక అక్కడితో ఆగితే కదా! పప్పీలో ఎన్ని జాతులున్నాయో మొదలుపెట్టాడు, చీకటి పడింది.

ఇక అక్కడి నుంచి వంశవృక్షం. లినస్ టోర్వాల్డ్స్ 1991లో నాటిన విత్తనం ఇవాళ మన పిల్లలమర్రిలా అయింది. డెబియన్ అనే ఊడ 1993లో దిగింది, దాని మీంచి 2004లో ఉబుంటు, ఉబుంటు మీంచి 2006లో మింట్, ఆ మింటే మళ్లీ నేరుగా డెబియన్‌లోకి ఇంకో ఊడ దించింది. నీడన కూర్చోవడానికి వచ్చినవాళ్లకు మొదలు ఏదో తేల్చాల్సిన పనిలేదు. పంచాయితీకి మాత్రం అదే పని. మర్రికి చెదలు పట్టినప్పుడు 2018లో సెలైన్ సీసాలు కట్టి మందెక్కించి బతికించుకున్నాం. ఈ చెదలకు ఏ సీసా కట్టాలో అటవీ శాఖ వారే చెప్పాలి.

చివరికి ఆ పిల్లే అడిగింది. "మీరు ఇంట్ల ఏది వాడ్తరన్నా?"

డ్యూయల్ బూట్, అంటే ఒకే మిషన్‌లో లినక్స్, విండోస్ రెండూ అన్నారు. అందరూ. ఆఫీసు పనికి, బ్యాంకు పనికి, పిల్లల గేములకు... అంటే విండోసే. కాలీ తమ్ముడిది క్రాక్ చేసిన విండోస్.

ఇంత సభ జరిగి, ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు ఆ పెన్ డ్రైవ్ చూపించమ్మా అనలేదు! బజారులో కొన్న "1 టీబీ" స్టిక్కర్ సరుకేమో ఎవరికి తెలుసు? ఆ నకిలీల్లో ఉండేది చారెడు చిప్పు. అది నిండాక కొత్త రాతలు పాత రాతల మీద పడతాయి, మిషన్ మాత్రం అంతా బాగుందనే చెబుతుంది. ఎఫ్3 అనే చిన్న ప్రోగ్రాం దాని బండారం బయటపెడుతుంది. దాని పేరెత్తలేదు. నీలం రంగు యూఎస్‌బీ 3 పోర్టు ఉందా అని అడగలేదు. మామూలు లైవ్ పెన్ డ్రైవ్‌లో (నేరుగా దాని మీంచే లినక్స్ నడిచేది) పర్సిస్టెన్స్, అంటే రాసింది నిలిచే ఏర్పాటు, పెట్టుకోకపోతే రాసిందంతా ఆవిరేనని హెచ్చరించలేదు. తెలుగు టైపింగ్ మాటే రాలేదు. ఐబస్ అనే టైపింగ్ పనిముట్టులో ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ఉంది, ఇంగ్లిషు అక్షరాలతో తెలుగు రాసే ఆర్‌టీఎస్ ఉంది, లోహిత్ తెలుగు ఫాంటు ఊరికే దొరుకుతుంది. (ఫ్లెక్సీ షాపు వాళ్లను మాత్రం కదపకండి, వాళ్ల బతుకు అను ఫాంట్లలో ఉంది.)

నన్నడిగితే ఎంఎక్స్ లినక్స్, ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలిక డెస్క్‌టాప్ ఉన్న రకం. 4 జీబీలో సర్దుకుంటుంది, లైవ్ యూఎస్‌బీ తయారుచేసే పనిముట్టు దానిలోనే ఉంది, రాసుకున్నది నిలిచే ఏర్పాటు బూట్ మెనూలోనే ఎంచుకోవచ్చు. అది నచ్చకపోతే మింట్. అదీ కాకపోతే ఒకే పెన్ డ్రైవ్‌లో చాలా ఐఎస్‌ఓలు పెట్టుకోనిచ్చే వెంటాయ్ ఎక్కించి నాలుగు ఐఎస్‌ఓలు అందులో పడేసి ఏది నడిస్తే అది. అర నిమిషంలో చెప్పే జవాబు.

ఆ పిల్ల నెట్ సెంటర్‌కు పోయింది. పేజీకి ఇంతని కట్టి టైపు చేయించుకుంది. పెద్దమనుషులారా, మీకు ఆ పిల్ల పని కావాల్నా, డిస్ట్రోల పేర్లు కావాల్నా? 2025 అక్టోబర్ 14న విండోస్ 10కు మామూలు అప్‌డేట్లు బంద్ చేసిండ్రు. 11 కావాలంటే టీపీఎం 2.0 అనే భద్రత చిప్పు ఉండాలన్నరు. మంచిగ నడిచే మిషన్లు ఒక్క దినంల ముసలివైనయ్. షాపుల తీసెయ్యమంటరు, ఆఫీసుల కండెం చేస్తరు, మీరు చాయ్ తాగుకుంట వాటికి జాతకం చూస్తరు. కేరళ సర్కారు బళ్లల్ల ఏండ్ల నుంచి ఉబుంటు మీద కట్టుకున్న కైట్ గ్నూ/లినక్స్ నడుస్తున్నది. ఆడ ఏ డిస్ట్రో గొప్పదని పిల్లల్ని నిలబెట్టి అడగలే, కూసోబెట్టి నేర్పిండ్రు. మన హైదరాబాద్‌ల స్వేచ్ఛ వాళ్లు తెలుగుల లినక్స్ తెచ్చిపెట్టిండ్రు. అది ఎంతమంది పెద్దమనుషులు ఎక్కించి చూసిండ్రు?

మా మండలంల ఒక సర్కారు బడి ఉన్నది. కంప్యూటర్ రూం ఉన్నది. మిషన్ల మీద పాత దుప్పట్లు కప్పి పెట్టిండ్రు, తలుపుకు తాళమేసిండ్రు. పిల్లలు కిటికీల నుంచి చూసి పోతరు. ఒకరిని అడిగితే సారు ట్రాన్స్‌ఫర్ అయిండన్నరు, ఇంకొకరు సిస్టం పాతదైంది, విండోస్ పోయిందన్నరు. పోతే పోనీ! ఆ తాళంచెవి ఎవరి దగ్గరున్నదో గది చెప్పుండ్రి. పెన్ డ్రైవులు మేమే తెచ్చుకుంటం.