నా పడక సైకిలుకి, కాస్త సిగ్గుతో

మణికొండ,
ఆదివారం, ఉదయం 9 గంటలు.

చి. పడక సైకిలుకి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలి గానీ, మన ఉభయుల్లో ఎవరమూ కుశలంగా లేం. నువ్వు బాల్కనీలో గోడకి జారగిలబడి ఉన్నావు, నీ స్టాండు పీకేసింది నేనే కనక. నేను మంచం మీద నడుం కింద వేడినీళ్ల సంచి పెట్టుకుని ఉన్నాను, నీ మెత్తటి సీటు పీకేసింది కూడా నేనే కనక. మధ్యలో తలుపు తెరిచే ఉంది, నోటితోనే చెప్పొచ్చు. ఇంట్లోవాళ్లు వింటారని రాస్తున్నాను.

నిన్ను తెచ్చుకున్నది నడుం కోసం. పాతికేళ్లు కంప్యూటరు ముందు వంగిన నడుం. మామూలు సైకిలెక్కితే అరగంటకే మెడా, అరచేతులూ, నలుగురిలో చెప్పుకోలేని ఇంకో చోటూ కలిసి మొరపెట్టుకునేవి. అమెరికా నుంచి తిరిగొచ్చిన స్నేహితుడొకడు సామాన్లతో పాటు నిన్నూ ఓడెక్కించుకొచ్చి, అపార్ట్‌మెంట్ లిఫ్టులో నువ్వు పట్టవని తేలాక నాకు అంటగట్టాడు. ముందు 16 అంగుళాల చక్రం, వెనక 20, ఒళ్లంతా కలిపి 16 కిలోలు, నడిమధ్యన సోఫాలాంటి సీటు. సంక్రాంతికి అత్తారింటికొచ్చిన కొత్తల్లుడిలా వీపు ఆనించి, కాళ్లు ముందుకు చాచి కూర్చోవడమే. మొదటి రోజు దిగబుద్ధి కాలేదు.

నిన్ను చూసి ఆగని మనిషి లేడు. సిగ్నల్ దగ్గర ఒకతను అద్దం దించి, "చార్జింగ్ పెడితే ఎంత దూరం వస్తదన్నా?" అన్నాడు. "నాలుగిడ్లీలకి ఇరవై కిలోమీటర్లు" అన్నాను. అతను నవ్వలేదు. పెట్రోలు లెక్కతో పోల్చుకుంటున్నట్టు తలూపి వెళ్లిపోయాడు.

అలా ఆర్నెల్లు హాయిగా గడిచాయి. తర్వాత నార్సింగి దగ్గర ఆ సంగతి జరిగింది.

ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పుతో వేసిన సైకిల్ దారి నీకు తెలిసిందే. 2023 అక్టోబర్ 1న మొదలైనప్పుడు రెండు ముక్కలూ కలిపి 23 కిలోమీటర్లు. పైనున్న పలకల సామర్థ్యం 16 మెగావాట్లు. కింద తొక్కే నా సామర్థ్యం, ఇడ్లీలు బాగా అరిగిన రోజున, 100 వాట్లు. అంటే ఆ పైకప్పుకి సమానం కావాలంటే నాలాంటివాళ్లు లక్షా అరవై వేలమంది ఒకేసారి తొక్కాలి. ఈ లెక్క వేసుకుంటూ గంటకి 18 కిలోమీటర్ల మీద పోతుంటే, గేరు కూడా లేని సైకిలు మీద ఇద్దరు పిల్లలు డబుల్స్‌లో వచ్చి దాటేశారు. వెనక కూర్చున్నవాడు తిరిగి చూసి, "అంకుల్, పండుకున్నవా?" అన్నాడు.

అక్కడే ఆగిపోతే పోయేది. ఆ రాత్రి నీ వంశం గురించి చదివాను.

పెళ్లిచూపులకి ముందు చెయ్యాల్సిన వాకబు ఇది, పెళ్లయ్యాక చేశాను. మీవాళ్లు అల్లాటప్పా కాదు. ఫ్రాన్సులో షార్ల్ మోషే అనే ఆయన మీ తాతల కాలం బండి ఒకటి కట్టాడు. 1933 జులై 7న దాని మీద వెల్లకిలా పడుకుని ఫ్రాన్సిస్ ఫోర్ అనే రేసరు గంటలో 45.055 కిలోమీటర్లు తొక్కేశాడు. 1914 నుంచి ఎవరూ కదపలేకపోయిన ఆస్కార్ ఎగ్ రికార్డు 44.247. దాన్ని పడుకునే పడగొట్టాడు. మరుసటి ఏడాది అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య కూర్చుని, సైకిలంటే ఇలా ఇలా ఉండాలని కొలతలు రాసి, మీ వంశాన్ని మొత్తం పంక్తిలోంచి లేపేసింది. నెమ్మదిగా వెళ్తారని కాదు నాయనా, మరీ వేగంగా వెళ్తారని! 2016లో నెవాడా ఎడారి రోడ్డు మీద టాడ్ రైకర్ట్ అనే ఆయన గుడ్డు పెంకులాంటి డొల్లలో పడుకుని గంటకి 144.17 కిలోమీటర్ల వేగం అందుకున్నాడు. ఇంజన్ లేదు. కాళ్లే.

ఇంత ఘనమైన వంశంలో పుట్టి నువ్వు 18 మీద వెళ్తున్నావంటే తప్పు నీ పెంపకానిది అనుకున్నాను. నీ సీటు నిటారుగా ఉంటుంది, నా ఛాతీ తెరచాపలా గాలికి ఎదురు నిలబడుతుంది. మీవాళ్లు గెలిచింది పడుకుని, నువ్వేమో నన్ను దర్బారులో కూర్చున్నట్టు కూర్చోబెట్టావు. ఇక గాలి లెక్క మరీ దుర్మార్గం. 18 నుంచి 25కి పోవాలంటే వేగం ఒకటిన్నర రెట్లు కూడా కానక్కర్లేదు, కానీ గాలిని చీల్చడానికి కావలసిన శక్తి దాదాపు 2.7 రెట్లవుతుంది. వేగం ఒక మెట్టెక్కితే గాలి మూడు మెట్లెక్కి కూర్చుంటుంది, హైదరాబాద్‌లో ఇంటద్దెల్లాగా.

మొదట టైర్లు. కోఠి వెళ్లి ముందు చక్రానికి 16, వెనకదానికి 20 అంగుళాలవి తెచ్చాను. వెనకది రిమ్ముకెక్కదే! 20 అంటే ఒకటే 20 కాదట. 406 మిల్లీమీటర్ల రిమ్ము వేరు, 451 వేరు, రెంటినీ 20 అనే పిలుస్తారట. మనూళ్లో ఒకే కాలనీకి రెండు పేర్లున్నట్టు వాళ్లకి ఒకే పేరుకి రెండు కాలనీలు. మళ్లీ వెళ్లి మార్చుకొచ్చాను. నున్నటివి, సన్నటివి, 100 పీఎస్ఐ గాలి ఒత్తిడి పట్టేవి. ఒక నిజం ఇప్పుడు ఒప్పుకుంటాను. నీ పాత టైర్ల పక్కన 65 అని స్పష్టంగా రాసి ఉంది. ఆర్నెల్లూ నేను ఉంచింది 35. పంపు నాలుగు పోట్లు పొడిచి ఉంటే పైసా ఖర్చు లేకుండా కొంత వేగం వచ్చేది. ఎందుకు పొడవలేదని అడక్కు. ఊరికే వచ్చేదాని మీద నాకు నమ్మకం తక్కువ.

సరే, 100 కొట్టించాను. మన గల్లీలో స్పీడ్ బ్రేకర్లు ఎన్నో నాకు అంతకుముందు తెలియదు, ఇప్పుడు ఒక్కో వెన్నుపూస ఒక్కోదాన్ని పేరుపెట్టి చెబుతుంది. నీవి చిన్న చక్రాలాయె, పెద్ద చక్రం దొర్లుకుంటూ పోయే గుంతలో నువ్వు దిగి, విచారించి, పైకి వస్తావు.

తర్వాత ముందు పళ్ల చక్రం. మనవాళ్ల భాషలో చైన్ వీల్. దానికి పళ్లు పెరిగితే ఒక్కో తొక్కుకి పోయే దూరమూ పెరుగుతుంది, తొక్కడానికి బరువూ పెరుగుతుంది. 46 పళ్లది తీసేసి 56 పళ్లది వేయించాలని మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. నలభై ఏళ్లుగా ఆ పని చేస్తున్న పెద్దమనిషి. వెనక గేర్ల గుత్తిని చేత్తో తిప్పి, అన్నింటికంటే చిన్న చక్రాన్ని, అంటే అన్నింటికంటే వేగం గేరుని, వేలితో తుడిచి, "సార్, ఈ ఆఖరి గేరు ఇంతవరకు వాడినట్టే లేదు, కొత్తది కొత్తగనే ఉన్నది. ఇంకా పెద్దది దేనికి?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. అందుకని డబ్బులిచ్చాను. మాటవరసకి, నీ చైను మామూలు సైకిలుకి రెండున్నర చైన్లంత. మూడు కొనాలి, మూడోదాంట్లో సగం మిగులుతుంది. దాన్ని ఏం చేయాలో ఇప్పటికీ తెలియక పూజ గది పక్కన మేకుకి తగిలించాను.

ఆ 56 ఎంత గొప్పదో మొదటి ఎత్తులోనే తెలిసింది. మామూలు సైకిలైతే ఎత్తు రాగానే లేచి నిలబడి ఒంటి బరువంతా పెడలు మీద వేస్తాం. నీ మీద నిలబడేదెక్కడ? పడుకున్నవాడికి బరువు కూడా పనికిరాదు. తేలిక గేరులో చకచకా కాళ్లాడించుకుంటూ పోవాలి, ఆ తేలిక గేరునే నేను అమ్ముకున్నాను. ఊళ్లో సగం పేర్లు హిల్స్ అని ఉన్నప్పుడైనా నాకు తట్టలేదు. నిన్ను నెట్టుకుంటూ ఎక్కాను. నెట్టడానికి కూడా నువ్వు అనువుగా ఉండవు, ఆవుని చెవి పట్టుకుని లాక్కెళ్లినట్టుంటుంది.

మడ్‌గార్డులు, స్టాండు, క్యారియరు, బుట్ట, బెల్లు కూడా పీకేశాను. అన్నీ కలిపి కిలోముప్పావు తగ్గింది. తూకం కాగితం మెకానిక్‌కి గర్వంగా చూపించాను. ఆయన కాగితాన్ని చూశాడు, నా పొట్టని చూశాడు, టీ తాగుతారా సార్ అన్నాడు.

పెడల్స్‌కి బూట్లు బిగించుకునే ఏర్పాటు మాత్రం వృథా కాదు. గాల్లో ముందుకు చాచిన కాళ్లు జారకుండా ఉండాలిగా. అయితే సిగ్నల్ పడ్డప్పుడు విడిపించుకోవడం గుర్తుండాలి. నాకు గుర్తుండలేదు. నువ్వూ నేనూ కలిసి, ఏ తొందరా లేకుండా, అరటిచెట్టు ఒరిగినట్టు ఒరిగాం. దెబ్బలు తగల్లేదు, ఎత్తు తక్కువ కదా. ఎవరో ఫోనులో తీశారు.

సీటు వాల్చడం ఒక్కటే నిజంగా పనిచేసిన మందు. వెల్డింగు షాపులో కొత్త క్లాంపులు పెట్టించి, నీ సోఫా తీసేసి, పలచటి ఫైబరు సీటు అచ్చు పోయించి వాల్చేశాను. ఒక్కరోజులో తేడా తెలిసింది. గాలి నా మీదనుంచి పోతోంది, నాలోంచి కాదు. కాకపోతే ముందున్న గుంతకి బదులు ఆకాశం కనబడుతోంది. మెట్రో పిల్లర్లు, కేబుల్ వైర్లు, పావురాలు అన్నీ చక్కగా కనిపిస్తాయి. రోడ్డు చూడాలంటే మెడ ఎత్తి పట్టుకోవాలి. నడుం నొప్పికి నిన్ను కొని, నీ వల్ల మెడనొప్పి తెచ్చుకుని, ఇప్పుడు రెండూ ఉంచుకున్నాను.

ఇక ఫ్లెక్సీ. దీని గురించి నిన్ను క్షమాపణ అడగాలి.

వీపు వెనక గాలి సుడులు తిరిగి బండిని వెనక్కి లాగుతుందని, చేపతోకలా సన్నబడే డొప్ప ఒకటి తగిలిస్తే అది తగ్గుతుందని చదివాను. పీవీసీ పైపులతో చట్రం కట్టాను. దాని మీద కప్పడానికి గట్టిగా, తేలిగ్గా, నీళ్లు పట్టనిది కావాలి. అలాంటి గుడ్డ ఈ నగరంలో స్తంభానికొకటి వేలాడుతూనే ఉంటుంది. గాలివానకి తెగి మా గేటు దగ్గర పడి ఉన్న ఒక పుట్టినరోజు ఫ్లెక్సీ తెచ్చి బిగించాను. ఎంత కత్తిరించినా ఎడమవైపు సగం మీసం, రెండు జోడించిన చేతులు మిగిలాయి. కుడివైపు "దిన శుభాకాంక్షలు".

ఆ రోజు జరిగింది నువ్వూ చూశావు. వెనక కార్లు హారన్ కొట్టడం మానేశాయి. మినీ బస్సు ఒకటి పక్కకి తప్పుకుంది. గల్లీ చివర కుర్చీలేసుకున్న కుర్రాళ్లు లేచి నిలబడ్డారు. ఒక ఆటో అన్న పక్కనే వస్తూ, "ఎలక్షన్లు ఎప్పుడున్నయన్నా?" అని అడిగాడు. టైర్లు, చైన్లు, ఫైబరు, ఏదీ ఇవ్వలేని వేగాన్ని సగం మీసం ఇచ్చింది. దారి ఇస్తే వేగం దానంతటదే వస్తుందని నాకు తెలియక ఇన్నాళ్లూ గాలితో కొట్లాడాను. నార్సింగి దాటాక పక్కగాలి కొట్టింది. ఫ్లెక్సీ తెరచాపయింది. మనం పొదల్లోకి వెళ్లాం. చేతులు జోడించుకునే వెళ్లాం.

మొత్తం ఖర్చు 23,400. నీ సగటు వేగం గంటకి 17.8 నుంచి 21.2కి పెరిగింది. 3.4 పెరిగింది, అంటే గంటకి ఒక్కో కిలోమీటరు నాకు సుమారు 6,880 రూపాయలకి పడింది. అందులో ఎక్కువ భాగం సీటు వాలుది, తర్వాత టైర్లది. చైన్ వీల్ వాటా సున్నా. పోయిన ఆదివారం అదే పిల్లలు మళ్లీ దాటేశారు. ఈసారి ముగ్గురున్నారు.

అందుకని నిన్న రాత్రి ఒక నిర్ణయానికొచ్చి, 46 పళ్ల చక్రం, మడ్‌గార్డులు, స్టాండు అన్నీ వెతికి ఒకచోట పెట్టాను. నీ పాత సీటు మాత్రం అటక మీద లేదు. చూస్తే బాల్కనీలో తులసికోట పక్కన రెండు ఇటుకల మీద ఉంది, దాని మీద మా అమ్మ ఉంది. మూడు నెలలుగా పొద్దున్నే అక్కడే కూర్చుంటోందట, మోకాళ్లకి, వీపుకి చాలా బావుందట. "ఇంత సుఖంగా ఉన్నదాన్ని ఎందుకు పీకావురా?" అంది. "మళ్లీ బిగిద్దామనే వచ్చానమ్మా" అన్నాను.

ఇవ్వనంది.

కాబట్టి వచ్చే ఆదివారం కూడా వాలుగానే వెళ్తాం. టైర్లలో గాలి 80 దాటనివ్వను, అది నా పూచీ. బెల్లు ఇవాళే బిగిస్తాను. ఫ్లెక్సీ విషయం ఇంకా ఆలోచిస్తున్నాను, ఎటూ వచ్చే నెలలో ఇంకెవరిదో పుట్టినరోజు ఉండకపోదు.

ఇట్లు,
నీ మీది 84 కిలోల బరువు