ఫ్రీ రాడికల్స్ అన్నీ శత్రువులేనా?

పెన్షన్ డబ్బుల్లోంచి నెలనెలా, ఫ్రీ రాడికల్స్‌ను అదుపు చేస్తాయని చెప్పే యాంటీఆక్సిడెంట్ మాత్రలు కొనుక్కునే పెద్దవాళ్లు నాకు తెలుసు. ముసలితనం కాస్త నెమ్మదిగా వస్తుందని వాళ్ల ఆశ. ఆ ఆశకు మూలం 1956 నాటి ఒక సిద్ధాంతం. జత లేని ఎలక్ట్రాన్‌తో, పక్కనున్న వాటితో ఇట్టే చర్య జరిపే ఫ్రీ రాడికల్స్ కణాలను కొద్దికొద్దిగా పాడు చేయడమే వృద్ధాప్యమని అమెరికా శాస్త్రవేత్త డెన్హామ్ హార్మన్ అప్పుడు ప్రతిపాదించారు. అవి ముఖ్యంగా కణంలోని శక్తి కేంద్రాలైన మైటోకాండ్రియాలోనే పుడుతున్నాయని 1972లో ఆయనే అన్నారు.

ఆయన ఊహ గాలిలోంచి వచ్చింది కాదు. మనం తిన్న అన్నంలోని శక్తిని, కణాలు వాడుకునే ఏటీపీ అనే రసాయనంగా మార్చేది ప్రధానంగా మైటోకాండ్రియానే. (1929లో ఆ ఏటీపీని కనుగొన్నవారిలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు.) ఈ పనిలో ఎలక్ట్రాన్లు ఒక ప్రోటీన్ నుంచి ఇంకో ప్రోటీన్‌కు చేతులు మారుతూ, చివరికి ఆక్సిజన్‌ను చేరి నీరవుతాయి. దారిలో, ముఖ్యంగా ఒకటో, మూడో కాంప్లెక్సులనే ప్రోటీన్ గుంపుల దగ్గర, కొన్ని జారిపోయి ముందే ఆక్సిజన్‌కు అంటుకుంటాయి. అలా పుట్టేదే సూపర్ ఆక్సైడ్ అనే ఫ్రీ రాడికల్. మైటోకాండ్రియా సొంత డీఎన్ఏ, అందులోని 37 జన్యువులు, ఆ పక్కనే ఉంటాయి, కాబట్టి దెబ్బ వాటికీ తగలొచ్చు.

కణం దగ్గర దీనికి విరుగుడు ఉంది. ఎస్ఓడీ-2 అనే ఎంజైము సూపర్ ఆక్సైడ్‌ను హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా మారుస్తుంది, తర్వాత వేరే ఎంజైములు దాన్ని నీరు చేస్తాయి. ఎస్ఓడీ-2 అసలే లేని ఎలుకపిల్లలు కొన్ని వారాలు కూడా సరిగ్గా బతకలేదు. 1980ల మొదట్లో కాలిఫోర్నియాలో కల్తీ మత్తుమందు ఎక్కించుకున్న కొందరు యువకులకు ఉన్నట్టుండి పార్కిన్సన్స్ లక్షణాలు వచ్చాయి. అందులోని ఎంపీటీపీ అనే రసాయనం మెదడులో విషంగా మారి, ఆ ఒకటో కాంప్లెక్సునే అడ్డుకుంటుందని తేలింది. మైటోకాండ్రియా దెబ్బతింటే జబ్బు వస్తుందనడంలో నాకు సందేహం లేదు.

నా అభ్యంతరం ఆ తర్వాతి మాట మీద, అంటే ముసలితనానికి కారణం ఫ్రీ రాడికల్సేనని, వాటిని మాత్రలతో అణిస్తే చాలని అనడం మీద. ఎస్ఓడీ-2 సగమే ఉన్న ఎలుకల్లో డీఎన్ఏ ఎక్కువగా దెబ్బతింది, క్యాన్సర్లు పెరిగాయి, కానీ ఆయుష్షు తగ్గలేదు. ఆఫ్రికాలో నేలలోపల బతికే నేకెడ్ మోల్ ర్యాట్ అనే ఎలుకలాంటి జీవి ఒంట్లో ఆక్సీకరణ నష్టం, అంటే ఫ్రీ రాడికల్స్ లాంటివి చేసే నష్టం, బాగా ఎక్కువ, అయినా అది 30 ఏళ్లు దాటి బతుకుతుంది.

మనుషుల మీద ఫలితాలు ఇంకా ఆందోళన కలిగిస్తాయి. ఫిన్లాండ్‌లో పొగతాగే 29,133 మంది మగవాళ్లతో జరిగిన పరీక్ష ఫలితాలు 1994లో వచ్చాయి. బీటా కెరోటిన్ అనే యాంటీఆక్సిడెంట్ మాత్రలు వేసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం పెరిగింది. అమెరికాలో ఇలాంటిదే ఇంకో పరీక్షను 1996లో మధ్యలోనే ఆపేశారు. మరో యాంటీఆక్సిడెంట్ అయిన విటమిన్ ఇ వల్ల ప్రోస్టేట్ క్యాన్సర్ 17 శాతం పెరిగిందని 2011లో మరో పెద్ద పరీక్షలో బయటపడింది.

ఎందుకిలా? కొద్ది మోతాదులో ఫ్రీ రాడికల్స్ కణానికి కబురు లాంటివి. వ్యాయామం చేసినప్పుడు కండరాల్లో అవి పెరుగుతాయి, ఆ కబురు అందుకునే కణం తన రక్షణను గట్టి చేసుకుంటుంది. 2009లో జర్మనీ పరిశోధకులు కొందరు యువకులతో నాలుగు వారాలు వ్యాయామం చేయించారు. మాత్రలు వేసుకోనివాళ్లలో ఇన్సులిన్ పనితీరు మెరుగైంది. విటమిన్ సి, ఇ మాత్రలు వేసుకున్నవాళ్లకు ఆ లాభం దక్కలేదు. షుగరు ఇన్ని ఇళ్లలో ఉన్న మన రాష్ట్రాల్లో ఈ సంగతి డాక్టర్లు గట్టిగా చెప్పాలి.

లోపం ఉందని పరీక్ష చేసి డాక్టరు రాసిన విటమిన్ వేరు. ప్రకటన చూసి కొనే డబ్బా వేరు. బీటా కెరోటిన్ అమ్మే ప్రతి డబ్బా మీద, పొగతాగేవాళ్లకు ప్రమాదమన్న హెచ్చరిక తెలుగులో పెద్ద అక్షరాలతో ఉండాలి.